గాలికి కిరాయి కట్టనన్న మనిషి

మొన్న ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగి ఆటో కోసం నిలబడ్డాను. సిగ్నల్ దగ్గర ఒక డీసీఎం వ్యాను ఆగి ఉంది. దాన్నిండా అట్టపెట్టెలు. నిండా అంటే బండిలో ఉన్నవాటికంటే బండి మీద ఉన్నవే ఎక్కువ. తాళ్లు కట్టి, ఆ తాళ్ల సందుల్లో మళ్లీ పెట్టెలు కుక్కి, మొత్తం ఒక పక్కకి ఒరిగి, వెనక నల్లటి పొగ వదులుతూ నిలబడింది. నా నోట్లోంచి పైకే వచ్చేసింది, "గాలికి కిరాయి కడుతున్నడు, పాగల్‌గాడు!" అని. పక్కనున్న కాలేజీ పిల్ల చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి మరీ నన్ను చూసింది. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ ఇన్నేళ్లయినా నా నోరు ఈ యాస పలకదు. ఆ మాట నాది కాదు. ఆ మాట అన్నావిడ పోయి ఏడాది కావస్తోంది. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది, ఆటో వాడేమో "ఎక్కుతారా లేదా మేడం" అని కసురుకున్నాడు.

ఆవిడ పేరు నాకు తెలియదంటే మీరు నమ్మరు. నా ఫోన్లో "అట్టలక్క" అని ఉండేది. ఆవిడ ఫోన్లో నేను "మిక్సీల చెల్లె". అంతకుమించి ఇద్దరికీ అవసరం పడలేదు.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో మిక్సీలు, ఫ్యాన్లు, టీవీలు అమ్మే కొట్టు. ఇల్లు సరూర్‌నగర్‌లో. మా వీధి చివర రేకుల షెడ్డు వేసిన ఖాళీ జాగాలో ఆవిడ అట్టల వ్యాపారం. కొట్లన్నీ తిరిగి ఖాళీ పెట్టెలు కొని, తొక్కుడు బండి మీద ఆ జాగాకి చేర్చి, పోగుచేసి అమ్మేది. నల్గొండ వైపు పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చేసిందట. చీర మీద మగవాళ్ల చొక్కా, నడుముకి తాడు, ఆ తాడు చివర పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం. నడుస్తుంటే ఆ అయస్కాంతం నేల మీద గరగరా ఈడ్చుకుంటూ వచ్చేది. అట్టపెట్టెల నుంచి ఊడే ఇనప పిన్నులన్నీ దానికి అంటుకునేవి. "పోరగాండ్లు చెప్పుల్లేకుండ తిరుగుతరు చెల్లె, నా పిన్ను ఒకని కాల్ల దిగిందనుకో, వాని అవ్వ నన్ను తిట్టదా?" అనేది. తిట్లకి భయపడే మనిషేం కాదు. ఆవిడ నోటి ముందు ఎవరి నోరూ నిలిచేది కాదు.

మనుషుల్ని కూడా పెట్టెల్తోనే కొలిచేది. మా కాలనీ అసోసియేషన్ అధ్యక్షుడు ఎదురింటి పెద్దాయన, ఉద్యోగం చేసి రిటైరైనాయన. రోడ్డు మీద ఆగి గంభీరంగా ఏదో చెప్పి వెళ్లాడంటే వెనకనుంచి ఆవిడ నాకేసి కన్ను కొట్టేది. "టీవీ డబ్బా చెల్లె. డబ్బా గింత, లోపట సగం థర్మాకోలే." మా ఆయన్ని బావా అని పిలిచేది. "మా బావ ఇస్త్రీపెట్టె డబ్బా. చిన్నగుంటడు గని బరువున్నది." నోట్లో నాలుక లేని మా ఆయన ఆ మాటకి రెండ్రోజులు మురిసిపోయాడు. మరి నేనేం డబ్బానని అడిగితే, ఎగాదిగా చూసి, "నువ్వు మిక్సీవే. డబ్బాల ఉన్నా చప్పుడొస్తది" అంది. కొట్లో కుర్రాళ్లంతా పగలబడి నవ్వారు.

షెడ్డు గుమ్మంలో ఒక నీళ్ల డ్రమ్ము, దాని మీద ప్లాస్టిక్ మగ్గు ఉండేవి. బండి మీంచి అట్టలు దించగానే మగ్గుతో నీళ్లు తీసి, కళ్లాపి చల్లినట్టు వాటి మీద చల్లేది. మొదటిసారి చూసినప్పుడు నేను ఊరుకోలేక, "అదేంటక్కా, తడిస్తే పాడైపోవూ?" అన్నాను.

"జర నీళ్లు పడకుంటె తూకం మొగ్గదు చెల్లె."

"మోసం కాదూ అది?"

"మోసమెట్లయితది? కొనే సేటు నీళ్లకని ముందుగాలనే తూకంల కోస్తడు. ఆయన కోస్తడని నేను చల్లుత. నేను చల్లుతనని ఆయన కోస్తడు. ఇద్దరికీ ఎర్కే. ఎర్కున్నంక మోసమేంది? మా అయ్య పత్తికి చల్లెటోడు, నేను అట్టకు చల్లుత. గంతే."

అంటూనే ఇంకో మగ్గు నీళ్లు చల్లింది.

ఒకసారి ఆదివారం పూట నన్ను బలవంతంగా ఆటో ఎక్కించి అల్మాస్‌గూడ తీసుకెళ్లింది. ఎన్నో ఏళ్ల కిందట అక్కడ పిసరంత స్థలం కొనుక్కుంది. నాలుగు హద్దురాళ్లు, వాటి మధ్య పిచ్చిమొక్కలు. చుట్టూ మేడలు లేచిపోయాయి. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మొక్కల మధ్యకి నడిచి, "ఈడ పొయ్యి" అంది. రెండడుగులు పక్కకి జరిగి, "ఈడ మంచం" అంది. ఇంకొంచెం జరిగి, "ఈడ కిటికీ. రేకులు కాదు చెల్లె, స్లాబు. వాన పడితే చప్పుడు రావద్దు" అంది. రేకుల కింద బతికినవాళ్లకి తెలుస్తుంది ఆ కోరిక.

తర్వాత ఆన్‌లైన్ కొనుగోళ్లు పెరిగాయి. ఇంటింటికీ పెట్టెలే. చీపురు కొన్నా పెట్టెలోనే వస్తోంది. ఆవిడ షెడ్డు నిండి, అట్టలు వీధిలోకొచ్చాయి. ఇదివరకు ఎప్పుడో వచ్చే డీసీఎం రోజూ రావడం మొదలెట్టింది. మా వీధేమో సన్నం. బండి వెనక్కి తిప్పుతుంటే స్కూలు బస్సు ఆగిపోయేది, బస్సు వెనక ఆటోలు, అన్నిటి పొగా మా ఇళ్లలోకి. ముందు గదిలో కర్టెన్లు నల్లబడ్డాయి. నేనూ విసుక్కున్నాను, కాదనను. పెద్దాయన సంతకాలు పెట్టించి ఆ జాగా యజమానికి ఫిర్యాదిచ్చాడు. యజమాని వచ్చి ఆవిడకి ఒకటే మాట చెప్పాడు. దసరా నాటికి వీధి ఖాళీగా కనిపించాలి, బండ్ల గోల ఉండకూడదు, లేదంటే జాగా ఖాళీ చెయ్యాలి.

జాగా పోతే ఆవిడకి ఇంకేం లేదు. దిల్‌సుఖ్‌నగర్ కొట్లకి తొక్కుడు బండి అందే దూరంలో ఇంకెక్కడా అంత స్థలం దొరకదు. ఊరి బయటికి పోతే బండి తొక్కలేదు, బండి తొక్కకపోతే అట్టలు రావు. కూతురూ, ఆవిడా బతికేది ఆ షెడ్డు మీదే.

రెండ్రోజులు ఆవిడ మా కొట్టుకి రాలేదు. మూడోరోజు వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"నిన్న బండి లోడు చేస్తుంటె మంచిగ చూసిన చెల్లె. అండ్ల అట్ట చారెడు, గాలి బండెడు. డబ్బా లోపటంత గాలే కద. గాలికి కిరాయి కడుతున్న. డీజిలు గాలికే, పొగ గాలికే, మీ అందరితోని తిట్లు గాలికే!"

"పెట్టెలు చదును చేసి పెట్టొచ్చుగా?"

"చేసినా పొంగుతయి. అట్టకు పొగరెక్కువ." స్టూలు ఇంకొంచెం దగ్గరికి లాక్కుని, "చిన్నప్పుడు మా దిక్కు పత్తి మిల్లుల పనికి పోయిన. గుట్టంత పత్తిని మిషిన్ల పెట్టి అదిమి, బేలు కట్టెటోళ్లు. పత్తిని కొట్టంగ లేనిది అట్టను కొట్టరాదా?" అంది.

కొట్టొచ్చట. అట్టలు అదిమి బేళ్లు కట్టే మెషీన్లు ఉన్నాయని మా ఆయన ఫోన్లో చూసి చెప్పాడు. ఆవిడ అల్మాస్‌గూడ స్థలం అమ్మేసింది. నేను వద్దన్నాను. ఒకటికి పదిసార్లు ఆలోచించుకోమన్నాను. "పొయ్యి, మంచం, కిటికీ అన్నావుగా అక్కా!" అంటే, "ముందుగాల అన్నమొండుకునే దిక్కు ఉండాలె, తర్వాత పొయ్యి యాడ పెట్టాల్నో చూద్దం" అంది.

శ్రావణం ముసుర్లో మెషీన్ దిగింది. ఆకుపచ్చ రంగు, రెండు బీరువాలంత పొడుగు. కూర్చిన అట్టల మీద పైనుంచి ఇనప పలక కర్రుమంటూ దిగడం, గుట్టంతా కుంగిపోవడం, తీగలు బిగించి తలుపు తీస్తే నున్నటి దిమ్మ బయటికి దొర్లడం. వీధిలో జనమంతా సినిమా చూసినట్టు చూశాం. ఆవిడ ఆ మొదటి బేలు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. "చూసినవా చెల్లె, గాలి పోయింది. ఇగ మొత్తం అట్టనే." నెల తిరిగేసరికి వీధి తేరుకుంది. రోజూ వచ్చే డీసీఎం రావడం మానేసింది. బేళ్లన్నీ షెడ్డులోనే పేర్చి, నడిమి సేటు లేకుండా నేరుగా కాగితం మిల్లుకి ఒకే లారీలో పంపింది. పెద్దాయన కూడా గుమ్మంలో నిలబడి, "ఇవాళ రోడ్డు కనపడుతోందండీ" అన్నాడు.

ఆ లారీ తిరిగొచ్చింది.

పొద్దున్నే వీధి మధ్యలో ఆగింది. డ్రైవరు దిగి తలగోక్కుంటూ చెప్పాడు. "మిల్లుల బేలుకు సూది గుచ్చి చూసిన్రక్కా. లోపటంత తడే అన్నరు. తీస్కపొమ్మన్నరు. ఇంకోసారి గిట్ల తెస్తే గేటు కూడ తియ్యరంట." బేళ్లన్నీ రోడ్డు మీదే దింపి, వేరే లోడుంది, రేపు పొద్దున వస్తానని వెళ్లిపోయాడు. వీధి మళ్లీ మూసుకుపోయింది. ఆవిడ కటింగ్ ప్లేయరు తెచ్చి ఒక బేలు తీగ తెంపింది. వేడి ఆవిరి వచ్చింది, వెనకే పుచ్చిన వాసన. లోపలి అట్టలు నల్లగా బూజు పట్టి ఉన్నాయి. విడిగా ఉన్నప్పుడు చల్లిన నీళ్లు దార్లోనే ఆరిపోయేవి. అదిమి కట్టాక ఎటు పోతాయి? బేలు కడుపులోనే ఉండి ఉడికిపోయాయి.

కూతురు నెత్తి కొట్టుకుంది. "పొడి అట్టలే వెయ్యాలని మిషినోళ్లు చెప్పిపోయిన్రు గదనే అవ్వా! సరే సరే అంటివి. మళ్ల ఎందుకు చల్లితివి?"

ఆవిడ తన కుడిచేతిని ముందుకి చాపి, ఎవరిదో అన్నట్టు చూసుకుంది. "నేను చల్లలే బిడ్డా. నా చెయ్యి చల్లింది."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన వచ్చి, "ఇదిగోనమ్మా, దసరా పది రోజుల్లోకొచ్చింది, ఇదంతా మళ్లీ మొదలైతే నేను చెయ్యగలిగిందేం లేదు" అన్నాడు. ఆయనా కోపంగా అనలేదు. ఆవిడ రోడ్డు మీదే చతికిలబడింది. పని లేకుండా ఆవిడ కూర్చోవడం నేను చూసింది అదొక్కసారే. స్థలం అమ్మి తెచ్చిన మెషీను అక్కడ, తిరిగొచ్చిన సరుకు ఇక్కడ, మధ్యలో ఆ మనిషి. నాకు జాలి కలగాలి కదా, మండిపోయింది.

"లే అక్కా! పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు కూర్చుంటే ఎండుతాయా? మా వైపు కళ్లంలో మిరపకాయలు తడిస్తే పారబోసుకుంటారా? ఎండబోసుకుంటారు. వారం ముసురు తర్వాత ఇవాళే ఎండ కాసింది. మా డాబా ఖాళీగానే ఉంది, లే!"

లేచింది. నేనూ, కూతురూ, మా ఆయనా మోయడం మొదలెట్టాం. ఆ రోజు కొట్టు తెరవలేదు. మా డాబా ఎంతని పడుతుంది? గంటలో నిండిపోయింది. పెద్దాయన ఇంకా రోడ్డు మీద నిబంధనలు చెబుతూనే ఉన్నాడు. పైనుంచి వాళ్లావిడ పిట్టగోడ మీంచి వంగి, "ఏవండీ, ఆ ఉపన్యాసమేదో మెట్లెక్కుతూ చెప్పండి, వచ్చేటప్పుడు నాలుగు అట్టలు పట్టుకురండి" అని కేకేసింది. దాంతో వీధంతా కదిలింది. బూజు పట్టినవి తీసి అవతల పారేశాం. మిగిలినవి డాబాల మీద పరిచి, వడియాలు తిరగేసినట్టు తిరగేశాం. మధ్యాహ్నం ఒక మబ్బు వచ్చింది. ఆడా మగా పరుగెత్తి అన్నీ పోగేసేసరికి అది చెరువు మీదుగా వెళ్లిపోయింది. తిట్టుకుంటూ మళ్లీ పరిచాం.

ఎండిందీ లేనిదీ ఎలా తెలుస్తుందని నేనడిగాను. ఆవిడ అట్ట మీద చెయ్యి రాసింది. "నా చేతులు మొద్దుబారినయి చెల్లె, ఏం తెల్వదు" అంది. అట్ట తీసి చెంపకి ఆనించుకుంది, పిల్లకి జ్వరం చూసినట్టు. కళ్లు మూసుకుంది. "ఇది ఎండింది." ఇంకోటి. "ఇది ఎండలే, చల్లగున్నది." నేనూ అలాగే చూడబోయాను. నా చేతిలోంచి లాక్కుంది.

"ముందుగాల చెంప తుడుసుకో చెల్లె. తడి చెంపకు అన్నీ తడిగనే అనిపిస్తయి. ఉత్తగ అట్టను బద్నాం చెయ్యకు."

సాయంత్రం లోపల ప్రతి అట్టా ఎవరో ఒకరి చెంప తాకింది. మళ్లీ బేళ్లు కట్టింది, మర్నాడు లారీ వెళ్లింది. ఆ రోజంతా ఆవిడ ఫోను చేత్తో పట్టుకుని మా కొట్లో కూర్చుంది, చాయ్ కూడా తాగలేదు. డ్రైవరు ఫోను చేసి "తీసుకున్నరక్కా" అన్నాడు. ఆవిడ లేచి వెళ్లి, షెడ్డు గుమ్మంలో డ్రమ్ములో నీళ్లు పారబోసి, ఖాళీ డ్రమ్ము దొర్లించుకుంటూ మా ఇంటికి తెచ్చింది. "నువ్వుంచుకో. నా దగ్గరుంటె చెయ్యి ఊకోదు." మా డాబా మీద అందులో ఇప్పుడు కరివేపాకు చెట్టుంది.

దసరా వచ్చింది, పోయింది, జాగా ఆవిడ దగ్గరే ఉంది. ఆయుధపూజకి మెషీనుకి పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూలు చుట్టి, గుమ్మడికాయ కొట్టింది. కొబ్బరికాయ కొట్టేటప్పుడు మాత్రం కింద గిన్నె పట్టుకోమని కూతుర్ని నిలబెట్టింది. "నీళ్లు మిషిను మీద పడొద్దు బిడ్డా!" పూజకొచ్చిన పెద్దాయన దణ్ణం పెట్టుకుంటూనే నవ్వాపుకోలేకపోయాడు. ఆ తర్వాత లారీ వారానికోసారి వచ్చేది, పొద్దున్నే, స్కూలు బస్సు కంటే ముందు. నేను కర్టెన్లు ఉతికి కట్టాను, మళ్లీ నల్లబడలేదు. పెద్దాయన తన ఇంటి పెట్టెలు తనే విప్పి, చదును చేసి తెచ్చిచ్చేవాడు. ఆవిడ ప్రతిదీ చెంపకి ఆనించి గానీ తీసుకునేది కాదు. మా కొట్లో నేల తుడిచినప్పుడు పెట్టె అంచు తడిస్తే, "బావా, దీనికి జరమొచ్చింది. ఎండకు పండుకోబెట్టు, రేపొస్త" అని వదిలేసి పోయేది. చల్లుడు మానేసిందని మెచ్చుకోబోతే మూతి తిప్పింది. "సేటుకు ఎర్క గనక చల్లిన. మిల్లుకు ఎర్క లేకుండ చల్లుడు మోసమే కద."

పోయినేడు ఒక పూట గుండెల్లో నొప్పన్నది, దవాఖానకి తీసుకుపోతుంటే దార్లోనే పోయింది. తెచ్చి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే రాలేదు. షెడ్డులోనే, మెషీను ముందు పడుకోబెట్టారు. మెషీను మీద కిందటి దసరా బంతిపూలు ఎండిపోయి ఇంకా ఉన్నాయి. చొక్కా లేకుండా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఎంత చిన్న మనిషో అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం స్నానం చేయించడానికి ఆడవాళ్లం చుట్టూ చీరలు అడ్డం పట్టుకున్నాం. బిందెలతో నీళ్లు పోస్తున్నారు, కూతురు రాగాలు తీసి ఏడుస్తోంది. ఆ నేల ఒకపక్కకి వాలు. నీళ్లు చీరల కిందనుంచి పారుతూ, ఆ మూల బేళ్లు కట్టకుండా మిగిలిపోయిన గుట్ట వైపు పోతున్నాయి. కూతురు ఏడుపు మధ్యలో ఆగింది. "అట్టలు! అట్టలు తడుస్తున్నయే అవ్వా!" అని అరిచింది, తల్లికే చెప్పినట్టు.

బయట కుర్చీల్లో ఉన్న మగవాళ్లంతా లేచారు. మా ఆయన, లారీ డ్రైవరు, పంచె ఎగ్గట్టిన పెద్దాయన, అందరూ వచ్చి చేతికందిన అట్టలు ఎత్తి గట్టు మీదికి చేరవేశారు. స్నానం ముగిశాక నేనూ వెళ్లాను. తడిసినవి వేరు చేయాలి కదా. ఒకటి తీసి చెంపకి ఆనించాను. చల్లగా తగిలింది. పక్కన పెట్టబోతుంటే ఆవిడ మాట గుర్తొచ్చింది. కొంగుతో చెంప తుడుచుకుని మళ్లీ ఆనించాను. మళ్లీ తడే. గట్టిగా రుద్ది తుడుచుకున్నాను. లాభం లేకపోయింది.

కూతురు పక్కకొచ్చి కూర్చుంది. నా చేతిలోంచి ఆ అట్ట తీసుకుని, పైట చెంగుతో ముఖమంతా తుడుచుకుని, చెంపకి పెట్టుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"నాకు గూడ తెలుస్తలేదు చిన్నమ్మా" అంది.